నడుముకి వేసిన రాడ్లు ఎన్నాళ్లు మోస్తాయి?

తెలిసినవాళ్లలో ఎవరికైనా వెన్ను ఆపరేషన్ అయిందంటే చాలు, పలకరించడానికి వెళ్లినవాళ్లు అడిగే మొదటి మాట "రాడ్లు వేశారా?" అని. వేశారంటే ఇక ఆ మనిషి నడుము జీవితాంతం ఆ రాడ్ల మీదే నిలబడుతుందని అందరం ఒక లెక్కకి వచ్చేస్తాం. అసలు సంగతి ఏంటంటే, ఆ స్క్రూలూ రాడ్లూ ప్రాణం పెట్టి పనిచేయాల్సింది మొదటి కొన్ని నెలలు, మహా అయితే ఏడాది, ఏడాదిన్నర. ఆ గడువులో రెండు పూసల మధ్య ఎముక పెరిగి అవి ఒకే పూసగా అతుక్కుపోవాలి. స్లాబ్ కింద సెంట్రింగ్ పెట్టినట్టన్నమాట, కాంక్రీటు గట్టిపడేదాకా బరువు మోయడమే దాని పని. కాకపోతే సెంట్రింగ్ తర్వాత ఊడదీస్తారు, వెన్నులో మాత్రం చాలామందికి అలాగే వదిలేస్తారు. ఎముక పెరగలేదనుకోండి, ఎంత ఖరీదు పెట్టి వేసిన స్క్రూ అయినా ఎప్పుడో ఒకప్పుడు వదులవుతుంది, లేదంటే విరుగుతుంది.

లోహం కదా, ఎలా విరుగుతుంది అని అడగొచ్చు. మనం వేసే ప్రతి అడుగుకీ, కుర్చీలోంచి లేచిన ప్రతిసారీ రాడ్ కంటికి కనపడనంత కొద్దిగా వంగి మళ్లీ మామూలవుతుంది. లక్షలసార్లు అలా వంగాక ఎక్కడో ఒకచోట సన్నని పగులు పుడుతుంది, అది నెమ్మదిగా లోపలికి పాకుతుంది, చివరికి పెద్ద బరువేమీ ఎత్తకుండానే ఓ రోజు టక్కున తెగిపోతుంది. ఇంజినీర్లు దీన్ని ఫెటీగ్ అంటారు. ఈ సామాన్లు అమ్మకానికి రాకముందు చేసే పరీక్షల్లో ఏఎస్‌టీఎం ఎఫ్1717 అని ఒకటుంది. పూసల బదులు రెండు పాలిథిలీన్ దిమ్మలు పెట్టి, వాటి మధ్య ఏ ఆసరా లేకుండా ఖాళీ వదిలేసి, స్క్రూలూ రాడ్లూ బిగించి 50 లక్షలసార్లు నొక్కి వదులుతారు. విరగకుండా ఎంత బరువు దాకా తట్టుకుంటుందో చూస్తారు. రోజుకి 5,000 అడుగులు నడిచే మనిషికి 50 లక్షల అడుగులంటే వెయ్యి రోజులు, మూడేళ్లు కూడా కాదు. జీవితకాలం మోయాలని ఆ పరీక్ష పెట్టినవాళ్లు కూడా అడగలేదు, ఈలోగా ఎముక వచ్చేస్తుందనే వాళ్ల ధీమా కూడా.

ఈ విద్య మొదలైనప్పుడు అసలు లోహమే లేదు. 1911లో న్యూయార్క్‌లో ఫ్రెడ్ ఆల్బీ, రసెల్ హిబ్స్ అనే ఇద్దరు సర్జన్లు విడివిడిగా వెన్నుపూసల్ని అతికించే ఆపరేషన్లు చేసి చూపించారు. ఆల్బీ కాలి ఎముక నుంచి ఒక బద్ద తీసి, వీపు వెనక తగిలే ముళ్లలాంటి ఎముకల్ని చీల్చి వాటి మధ్యలో ఇరికించాడు. హిబ్స్ అయితే అక్కడి ఎముకనే చిన్న చిన్న పెచ్చులుగా లేపి పక్క పూస మీదకి వాల్చాడు. రోగులు ఎక్కువగా వెన్నుకి క్షయ వచ్చి గూని తేలినవాళ్లు. ఎముక అతుక్కునేది, కాదని కాదు, కానీ దానికోసం నెలల తరబడి పిండికట్టులో మంచం మీద పడి ఉండాలి. మనిషి కదిలితే పూసలు కదులుతాయి, పూసలు కదిలితే లేతగా వస్తున్న ఎముక తెగిపోతుంది. ఆ తర్వాత వచ్చిన సామాన్లన్నీ, సూటిగా చెప్పాలంటే, ఆ మంచం బాధ తప్పించడానికి వచ్చినవే.

హ్యూస్టన్‌లో పాల్ హారింగ్టన్ అనే డాక్టరు 1950ల్లో పోలియో వల్ల వెన్ను పక్కకి ఒంగిపోయిన పిల్లలకి స్టీలు రాడ్, కొక్కేలు వేయడం మొదలుపెట్టాడు. వంకర చక్కగా సరయ్యేది, కొన్నాళ్లకి కొక్కెం జారేది లేదా రాడ్ విరిగేది. మొదట్లో ఆయన లోహం మీదే భరోసా పెట్టుకున్నాడు, పూసల్ని అతికించలేదు. రాడ్‌తో పాటు ఎముకని కూడా అతికిస్తేనే ఫలితం నిలుస్తుందని ఈ వైఫల్యాల నుంచే తేలింది, 1962లో అచ్చయిన ఆయన పద్ధతి దశాబ్దాల పాటు నడిచింది. లోపం లేకపోలేదు. రాడ్ తిన్నగా ఉండేది, నడుముకేమో సహజంగా లోపలికి ఒక వంపు ఉంటుంది. ఆ వంపు పోయిన రోగులు పెద్దయ్యాక ముందుకి వాలిపోయి, మోకాళ్లు కొంచెం మడిస్తే తప్ప నిలబడలేక అవస్థ పడ్డారు. ఇప్పుడు సర్జన్లు రాడ్‌ని వంచి మరీ వేయడానికి వెనక వీళ్ల కష్టం ఉంది.

మెక్సికోలో ఎడ్వర్డో లూకేది ఇంకో ఇబ్బంది. ఆయన దగ్గరికొచ్చే పేద రోగులు ఆపరేషన్ తర్వాత నెలల తరబడి పిండికట్టు భరించే స్థితిలో ఉండరు. కట్టు లేకుండానే గట్టిగా నిలబడాలని ప్రతి పూస దగ్గరా ఒక తీగ దూర్చి రాడ్‌కి కట్టేశాడు. నాకు ఈ చరిత్రలో బాగా నచ్చే మనిషి ఆయన.

స్క్రూల కథ ఫ్రాన్స్‌లో మొదలైంది. రేమండ్ రోయ్-కమీ 1963లో వెనకవైపు నుంచి పెడికిల్ గుండా స్క్రూ దించాడు. పెడికిల్ అంటే పూస ముందుభాగంలో ఉండే లావుపాటి దిమ్మకీ, వెనకుండే కమానుకీ మధ్య ఉన్న పొట్టి ఎముక వంతెన, ప్రతి పూసకీ రెండుంటాయి. ఆ వంతెన గుండా వెళ్లిన స్క్రూ పూసని వెనక నుంచి ముందు దాకా పట్టేస్తుంది, కొక్కేనికీ తీగకీ అంత పట్టు ఎప్పటికీ రాదు. అమెరికాలో ఇదే స్క్రూల మీద 1990ల్లో వేల కేసులు పడ్డాయి. చేతులు, కాళ్ల ఎముకలకని అనుమతి తెచ్చుకున్న స్క్రూల్ని వెన్నుకి వాడుతున్నారన్నది గొడవ, దానిలోంచి పుట్టిన ఒక దావా 2001లో అక్కడి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఈలోగా 1998లో, మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే అక్కడి ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ, వెన్ను వాడకానికి దారి సులువు చేసింది.

స్క్రూ వేసే పని చూస్తే అందులో సగం వడ్రంగం. కాబ్ ఎలివేటర్ అనే వెడల్పాటి ఉలిలాంటి పనిముట్టుతో కండని ఎముక మీద నుంచి ఒలుస్తారు (వెన్ను వంకరని డిగ్రీల్లో కొలిచే కాబ్ కోణం కూడా ఆ జాన్ కాబ్ పేరే). లెక్సెల్ అనే పటకారులాంటి పరికరంతో ఎముకని కొరికి తీస్తారు, నరానికి ఆనుకుని ఉన్నచోట కెరిసన్ అనే సన్నమూతి పరికరంతో కొంచెం కొంచెంగా తుంపుతారు. తర్వాత పెడికిల్‌లోకి ఒక మొండి మొనగల దబ్బనం దించుతారు. పెడికిల్ లోపల స్పాంజిలాంటి మెత్తని ఎముక, చుట్టూ గట్టి గోడ. మెత్తగా దిగుతుంటే దారి సరిగ్గా ఉన్నట్టు, గట్టిగా తగిలితే గోడని గుద్దుతున్నట్టు, ఉన్నట్టుండి జారిపోయిందంటే గోడ దాటినట్టు. ఆ గోడకి లోపలివైపు వెన్నుపాము లేదా నరాల కట్ట, కిందవైపు బయటికి వచ్చే నరం ఉంటాయి. అందుకే రంధ్రం చేశాక చివర చిన్న గుండు ఉన్న తీగతో నాలుగు గోడల్నీ, అడుగునీ తడిమి చూసి గానీ స్క్రూ దించరు. నడుములో స్క్రూ మందం సాధారణంగా 5.5 నుంచి 7.5 మిల్లీమీటర్లు. ఛాతీ మధ్యభాగంలో కొందరికి పెడికిలే 4, 5 మిల్లీమీటర్లుంటుంది, ఎంత తేడా వస్తే ఎంత ప్రమాదమో ఇక చెప్పక్కర్లేదు. ఇప్పుడు ఆపరేషన్ మధ్యలోనే తీసి చూసుకునే సీ-ఆర్మ్ ఎక్స్‌రే, పరికరం ఎటు పోతోందో తెర మీద చూపించే నావిగేషన్, రోబో ఉన్నాయి, నరాల సంకేతాల్ని ఆపరేషన్ సాగినంతసేపూ గమనించే యంత్రాలున్నాయి. 1973లో ఫ్రాన్స్ సర్జన్లు ప్రచురించిన పద్ధతి ఇంకా సూటిగా ఉంటుంది: ఆపరేషన్ మధ్యలో మత్తు తగ్గించి రోగిని లేపి "కాళ్లు కదపండి" అనడం! కదిపితే మళ్లీ మత్తిచ్చి పని కానిస్తారు, కదపలేకపోతే సరిచేసిన వంకరని కాస్త వదులు చేస్తారు.

స్క్రూ తల అన్ని వైపులకీ తిరుగుతుంది, లేకపోతే తలలన్నీ ఒక వరసలోకి రావు. వాటిలో సుమారు 5.5 మిల్లీమీటర్ల రాడ్‌ని కూర్చోబెట్టి పైన చిన్న మరలు బిగిస్తారు. రాడ్‌ని వంచే పరికరం దాని మీద నొక్కు పడేలా చేస్తుందంటే అక్కడే ఫెటీగ్ పగులు మొదలవడానికి అవకాశం ఎక్కువ, ముఖ్యంగా టైటానియంకి ఈ బలహీనత ఉంది. అందుకే ఒకసారి వంచాక మళ్లీ అటూఇటూ వంచొద్దంటారు.

ఇంతకీ ఎముక ఎక్కడ పెరగాలి? చాలా ఆపరేషన్లలో పాడైన డిస్క్ తీసేసిన ఖాళీలో. అక్కడ పెట్టే డబ్బాని కేజ్ అంటారు, దీని చరిత్ర గుర్రాలతో మొదలైంది. మెడపూసల దగ్గర వెన్నుపాము నొక్కుకుపోయి తూలుతూ నడిచే జబ్బొకటి గుర్రాలకి వస్తుంది. అమెరికాలో జార్జ్ బ్యాగ్బీ అనే ఎముకల డాక్టరు, పశువైద్యులతో కలిసి, చిల్లులున్న స్టీలు గొట్టంలో ఎముక ముక్కలు నింపి ఆ పూసల మధ్య బిగించాడు, చిల్లుల్లోంచి ఎముక పెరిగి పూసలు అతుక్కున్నాయి. 1977లో అమెరికా ట్రిపుల్ క్రౌన్ గెలిచిన సియాటిల్ స్లూ అనే ప్రఖ్యాత పందెం గుర్రానికి కూడా ముసలితనంలో, 2000లోనూ 2002లోనూ, మెడకి ఇలాంటి ఆపరేషన్లు చేశారు. అప్పటికే ఆ కేజ్ మనుషుల వైద్యంలోకి వచ్చేసింది. బ్యాగ్బీ, కుస్లిచ్ అనే ఇంకో సర్జన్, ఇద్దరి పేర్లూ కలిసిన బాక్ కేజ్‌కి ఎఫ్‌డీఏ 1996లో అనుమతి ఇచ్చింది. జంతువుల మీద ముందు ప్రయత్నించి మనుషులకి వాడటం మామూలే, గుర్రానికి వైద్యంగా పుట్టింది మనిషికి వైద్యం కావడం మాత్రం అంత తరచుగా జరగదు.

కేజ్ దేనితో చేయాలన్న గొడవ ఇంకా తెగలేదు. ఎంత బిరుసుగా ఉందో కొలిచే లెక్కలో పైపొర ఎముక 15 నుంచి 20 గిగాపాస్కల్‌లైతే టైటానియం మిశ్రమం 110 దాకా, స్టీలు 200 దాకా ఉంటాయి. మరీ బిరుసైనదాన్ని మధ్యలో పెడితే అది మెత్తని పూసలోకి దిగబడుతుంది, పైగా బరువంతా అదే మోసేస్తే ఎముకకి పని ఉండదు, పని లేని ఎముక బలపడదు. అందుకని 3, 4 గిగాపాస్కల్‌ల పీక్ అనే ప్లాస్టిక్ వచ్చింది. ఎక్స్‌రేలో కనపడదు కాబట్టి లోపల ఎముక వచ్చిందో లేదో డాక్టరుకి స్పష్టంగా తెలుస్తుంది. చిక్కేమిటంటే ఎముక దాన్ని పట్టుకోదు, చుట్టూ ఒక నార పొర కట్టి దూరంగా ఉంచుతుంది. టైటానియాన్ని మాత్రం ఎముక ఇష్టంగా పట్టుకుంటుంది. దాంతో ఇప్పుడు త్రీడీ ప్రింటింగ్‌తో స్పాంజిలా రంధ్రాలున్న టైటానియం కేజ్‌లు వస్తున్నాయి, గుల్లగా ఉండటం వల్ల బిరుసు తగ్గుతుంది, ఎముక రంధ్రాల్లోకి చొచ్చుకుపోతుంది.

ఎముకని మందుతో రప్పించే ప్రయత్నమూ జరిగింది. 1965లో మార్షల్ యూరిస్ట్ ఖనిజాలు తీసేసిన ఎముకని జంతువుల కండలో పెడితే అక్కడ కొత్త ఎముక పుడుతుందని చూపించాడు. దానికి కారణమైన బీఎంపీ ప్రొటీన్‌ని తయారుచేసి 2002లో అమెరికాలో నడుము కేజ్‌తో వాడటానికి అనుమతించారు. మెడకి వాడినప్పుడు గొంతు వాచి ఊపిరాడని కేసులు వచ్చాయని 2008లో ఎఫ్‌డీఏ హెచ్చరించింది. కంపెనీ డబ్బుతో జరిగిన తొలి అధ్యయనాలు దుష్ఫలితాల్ని తక్కువ చేసి చూపాయని 2011లో ఒక వెన్ను వైద్య పత్రికే సంచిక మొత్తం కేటాయించి మరీ రాసింది. తుంటి నుంచి రోగి సొంత ఎముకే తీసి వాడటం ఇప్పటికీ పాతపడలేదు, కాకపోతే తీసినచోట నొప్పి ఉంటుంది, కొందరికి అది చాలాకాలం పోదు.

సామాను గురించి ఇంత మాట్లాడుకున్నాక అసలు అవసరమా అని కూడా అడగాలి. పూస విరిగి కదిలిపోతున్నా, క్షయ వల్లో గడ్డ వల్లో కూలిపోయినా, వంకర ముదురుతున్నా స్క్రూలు వరమే. అయితే వెన్ను క్షయలోనూ అందరికీ ఆపరేషన్ అక్కర్లేదని, ముందు మందులు ఇచ్చి తగ్గనివాళ్లకీ కాళ్లు పడిపోతున్నవాళ్లకీ చేస్తే చాలని వారణాసిలో ఎస్.ఎం. తులి 1975లోనే చూపించారు. వయసుతో నరాల దారి ఇరుకైనవాళ్ల విషయంలో సందేహం ఇంకా పెద్దది. స్వీడన్‌లో 247 మందితో జరిగి 2016లో వెలువడిన అధ్యయనంలో నరం మీద ఒత్తిడి తీసేయడం ఒక్కటే చేసినవాళ్లూ, దాంతోపాటు పూసల్ని అతికించుకున్నవాళ్లూ రెండేళ్లకి ఒకేలా ఉన్నారు. అదే ఏడాది అమెరికాలో 66 మందితో చేసినదానిలో, పూస జారినవాళ్లకి అతికిస్తే కొంచెం మేలు కనిపించింది. 2021లో నార్వే వాళ్లు, పూస జారినవాళ్ల మీదే, అతికించకపోయినా ఫలితం తీసిపోలేదన్నారు. నా ఉద్దేశంలో, కేవలం నడుంనొప్పికి "స్క్రూలు వేసేద్దాం" అని ఎవరైనా తొందరపెడితే ఇంకో డాక్టరుకి చూపించుకోవడంలో తప్పేమీ లేదు.

అతికిన చోట కదలిక పోతుంది, ఆ భారం పైపూస మీదా కిందిపూస మీదా పడుతుంది, అవి తొందరగా అరిగి మళ్లీ ఆపరేషన్ దాకా వచ్చేవాళ్లూ ఉన్నారు. వెన్ను మొత్తం బిగుసుకుపోతే ఎలా ఉంటుందో నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ఊళ్లు ఎప్పటినుంచో చూస్తున్నాయి, అక్కడ ఏ స్క్రూ లేకుండానే స్నాయువులు ఎముకలా గట్టిపడిపోయాయి. ఒకటి రెండు పూసలు అతికిస్తే అంత కాదు, మిగతావి, తుంటి కీళ్లు సర్దుకుంటాయి.

ఆపరేషన్ అయ్యాక రోగి చేతిలో ఉన్నవి కొన్నున్నాయి. సిగరెట్ మానడం అన్నిటికంటే ముఖ్యం, నికోటిన్ ఎముకకి రక్తం తగ్గిస్తుంది, పొగతాగేవాళ్లలో అతకకుండా పోయే కేసులు ఎక్కువ. ఎముకలు గుల్లబారినవాళ్లకి, ముఖ్యంగా నెలసరి ఆగిన ఆడవాళ్లకి, ముందే ఎముక ఎంత గట్టిగా ఉందో కొలిచే డెక్సా పరీక్ష చేయించి వైద్యం మొదలుపెట్టాలి, లేదంటే స్క్రూకి పట్టు దొరకదు, కొన్నిసార్లు స్క్రూ చుట్టూ సిమెంటు ఎక్కించాల్సి వస్తుంది. ఏడాదికి ఎక్స్‌రేయో సీటీయో తీసినప్పుడు ఇంట్లోవాళ్లందరూ మెరిసే స్క్రూల వైపే చూస్తారు, డాక్టరు మాత్రం రెండు పూసల మధ్య తెల్లగా ఎముక వంతెన కట్టిందా, స్క్రూ చుట్టూ నల్లని గీత ఏమైనా వచ్చిందా అని వెతుకుతాడు. నల్లని గీత అంటే స్క్రూ వదులై కదులుతోందని అనుమానం. వంతెన కట్టేసి ఉంటే, ఒక స్క్రూ విరిగి కనిపించినా, నొప్పి లేనంతవరకూ దాన్ని చాలాసార్లు ముట్టుకోకుండా వదిలేస్తారు.