బంకులో ఇథనాల్, మిల్లులో చక్కెర

2025 ఆగస్టు అంతా వాహనదారుల ఫిర్యాదు ఒక్కటే: పెట్రోలులో ఇరవై శాతం ఇథనాల్ కలిసినప్పటి నుంచి మైలేజీ పడిపోయింది. ఇథనాల్ కలపని పెట్రోలు కూడా బంకుల్లో దొరికేలా చూడాలన్న వ్యాజ్యాన్ని సుప్రీంకోర్టు సెప్టెంబరు 1న కొట్టివేసింది. వాదన మొత్తం ఇంజను చుట్టూ, రబ్బరు గొట్టాల చుట్టూ తిరిగింది. పెట్రోలులో ఇథనాల్ కలిపే ఈ పథకం ఎందుకు ముందుకు కదిలిందో, ఎందుకు ఆగిందో తెలియాలంటే మాత్రం చక్కెర మిల్లు గేటు దగ్గర నిలబడి చూడాలి.

1932లో జావా చక్కెర పోటీ నుంచి దేశీయ మిల్లులను కాపాడే చట్టం వచ్చింది. అప్పటికి మూడు పదులకు అటూ ఇటూగా ఉన్న మిల్లులు అయిదారేళ్లలో నూరు దాటాయి. చక్కెర తీశాక మిగిలే నల్లటి మడ్డిని ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. దాన్ని పులియబెట్టి, బట్టీ పట్టి, వచ్చిన స్పిరిట్‌ను, అంటే ఇథనాల్‌ను, పెట్రోలులో కలపవచ్చన్న ఆలోచన అప్పటిదే. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలుకు రేషన్ పెట్టి, బస్సుల వెనక బొగ్గు పొయ్యిలు తగిలించుకుని నడిపిన రోజుల్లో ఆ ఆలోచనకు బలం వచ్చింది. సంయుక్త రాష్ట్రాలు (నేటి ఉత్తరప్రదేశ్) 1940లో ఇందుకోసం చట్టం చేశాయి, 1948లో కేంద్రం పవర్ ఆల్కహాల్ (ఇంధనంగా వాడే స్పిరిట్) చట్టం తెచ్చింది. తర్వాత స్పిరిట్‌ను మద్యం, రసాయన పరిశ్రమలు ఎగరేసుకుపోయాయి. కాగితం మీదే మిగిలిన ఆ చట్టాన్ని 2000లో రద్దు చేశారు. మరుసటి ఏడాదే మహారాష్ట్రలోని మిరజ్, మన్మాడ్, ఉత్తరప్రదేశ్‌లో బరేలీ దగ్గరి ఆంవ్లాలో ఇథనాల్ మిశ్రమాన్ని ప్రయోగాత్మకంగా అమ్మడం మొదలుపెట్టారు!

చక్కెర గోదాములు పొంగి పొర్లుతున్న కాలమది. 2003 జనవరి నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సహా తొమ్మిది రాష్ట్రాల్లో అయిదు శాతం కలపాలని ఆదేశించారు. ఇంతలో కరువొచ్చి చెరకు తగ్గింది. 2004లో నిబంధనను సడలించారు. చెరకు మళ్లీ పండాక, 2006లో ఇరవై రాష్ట్రాలకు విస్తరించారు. 2009 నాటి జీవ ఇంధన విధానం 2017కల్లా ఇరవై శాతం అంది. 2013-14లో నిజంగా కలిసింది 1.53 శాతం. (డీజిలుకూ ఆ విధానం ఇదే లక్ష్యం పెట్టింది. అందుకోసం నాటించిన అడవి ఆముదం తోటల ఊసు ఇప్పుడు ఎవరూ ఎత్తరు.)

అసలు మలుపు 2018. ఆ సీజన్‌లో చక్కెర ఉత్పత్తి మూడు కోట్ల టన్నులు దాటింది, ధర కూలింది, రైతులకు మిల్లుల బకాయిలు ఇరవై వేల కోట్ల రూపాయలు దాటాయి. కొత్త విధానం ఆ ఏడాది జూన్‌లో వచ్చింది. చివరి మడ్డితోనే కాక, చక్కెర శాతం ఎక్కువున్న మడ్డితో, నేరుగా చెరకు రసంతో కూడా ఇథనాల్ చేయవచ్చన్నారు. ఒక్కోదానికి ఒక్కో ధర కట్టారు, డిస్టిలరీలకు వడ్డీ రాయితీతో అప్పులిప్పించారు. 2022 జూన్‌కల్లా పది శాతం అందుకున్నారు. 2030కి అనుకున్న ఇరవై శాతాన్ని 2025-26కు జరిపి, 2025లోనే చేరుకున్నారు.

మధ్యలో ఒక కుదుపు. 2023 డిసెంబరులో చక్కెర కొరత భయంతో చెరకు రసంపై కేంద్రం ఆంక్షలు పెట్టింది. భారం ధాన్యం మీద పడింది. మొక్కజొన్నతో చేసిన ఇథనాల్‌కు లీటరుకు రూ.71.86 ధర ప్రకటించారు. భారత ఆహార సంస్థ గోదాముల్లోని బియ్యాన్ని 2025లో కిలో రూ.22.50కు డిస్టిలరీలకు ఇచ్చారు. మొక్కజొన్న ఎగుమతి చేసే దేశం 2024లో దిగుమతికి దిగింది. కోళ్ల దాణాలో సగానికి పైగా మొక్కజొన్నే కాబట్టి, ఆ సెగ మన రెండు రాష్ట్రాల ఫారాలకు సూటిగా తగిలింది.

ధాన్యం డిస్టిలరీలతో గొడవ ఊళ్లలోకీ వచ్చింది. నారాయణపేట జిల్లా చిత్తనూరులో నీటి కాలుష్యంపై రైతులు ఆందోళనకు దిగారు. 2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో మహిళలు, రైతులు జాతీయ రహదారి మీద బైఠాయించాక అక్కడి ఫ్యాక్టరీ పనులను ప్రభుత్వం ఆపించింది. బంకు దగ్గర మైలేజీ లెక్కలు వేసుకునేవారి చెవిన ఈ ఊళ్ల పేర్లు పడి ఉంటాయని నేననుకోను.

మైలేజీ సంగతి నిజానికి రహస్యమేమీ కాదు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలు కంటే దాదాపు మూడో వంతు తక్కువ. మొదట మామూలు పెట్రోలుకు రూపొంది, పది శాతం మిశ్రమానికి సర్దుబాటు చేసిన కార్లలో ఆరేడు శాతం, ద్విచక్ర వాహనాల్లో మూడు నాలుగు శాతం తగ్గుతుందని నీతి ఆయోగ్ 2021లోనే రాసింది. ఆ నష్టం పూడేలా మిశ్రమాన్ని మామూలు పెట్రోలు కంటే చవకగా అమ్మాలని కూడా సూచించింది. మిశ్రమం వచ్చింది, చవక రాలేదు. ఇథనాల్ సేకరణ ధరే శుద్ధి చేసిన పెట్రోలు ధరను మించిందని 2025లో ప్రభుత్వం బదులిచ్చింది. బ్రెజిల్‌లో 2003 నుంచి ఏ మిశ్రమంతోనైనా నడిచే కార్లు ఉన్నాయి. ధర చూసుకుని పెట్రోలు మిశ్రమమో, ఇథనాలో పోయించుకుంటారు. మన బంకుల్లో చాలావాటిలో ఆ ఎంపిక లేదు.

2025-26కు చమురు సంస్థలు 1,050 కోట్ల లీటర్లకు టెండరు పిలిస్తే, డిస్టిలరీలు 1,776 కోట్ల లీటర్లు ఇస్తామని ముందుకొచ్చాయి. చక్కెర మిగులు తీర్చడానికి కట్టిన డిస్టిలరీల్లో ఇప్పుడు ఇథనాలే మిగులుతోంది. ఇరవై శాతాన్ని ఇంకా పెంచాలని మిల్లుల సంఘాలు అప్పుడే అడుగుతున్నాయి.