ఎద్దు మెడ మీద కాయ

అమ్మలూ, బుజ్జీ,

బానిసల పాఠం చదివి మొన్న ఫోన్‌లో అడిగారు కదా, "తాతయ్యా, ఆ చెరకు తోట మంచివాళ్ళ చేతికొస్తే వాళ్ళని వదిలేసేవాళ్ళేగా?" అని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అలా చేతులు మారిన తోటలు నిజంగానే ఉన్నాయి. కరీబియన్ దీవి బార్బడోస్‌లో. యజమాని క్రిస్టఫర్ కోడ్రింగ్టన్ అక్కడే పుట్టి ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకున్నాడు. పుస్తకాలంటే ప్రాణం. 1710లో పోతూ తన రెండు తోటల్నీ లండన్‌లోని ఒక క్రైస్తవ సంఘానికి రాసిచ్చాడు. కాలేజీ పెట్టమన్నాడు. తోటల్లో 300 మంది బానిసలకు తగ్గకుండా ఎప్పుడూ ఉండాలనీ అదే వీలునామాలో రాశాడు. ఆ సంఘం పేరు ఎస్.పి.జి., అంటే 'సొసైటీ ఫర్ ది ప్రొపగేషన్ ఆఫ్ ది గాస్పెల్', సువార్త ప్రచార సంఘం. మన నంద్యాలలో ఎస్.పి.జి. హైస్కూలు ఉంది చూశారా, ఆ సంఘం పేరే అది.

నా చిన్నప్పుడు మా నాన్న రాముడనే ఎద్దుని సంతలో అమ్మేశాడు. నేను ఏడుస్తుంటే, "కొన్నాయన ధర్మాత్ముడురా, కడుపునిండా మేత వేస్తాడు" అన్నాడు. నాలుగు నెలలకి ఆ ఊరు వెళ్ళి చూశాను. మేత బాగానే ఉంది, తొట్టి నిండా కుడితి ఉంది. తొడ మీద మాత్రం కొత్త వాత. మెడ మీద కాడి. నన్ను చూసి మోర ఎత్తింది, మళ్ళీ చాలులోకి నడిచింది.

కోడ్రింగ్టన్ తోటల్లోనూ అంతే. సంఘంవాళ్ళు కొన్నాళ్ళపాటు బానిసల ఛాతీ మీద ఎర్రగా కాల్చిన ఇనుముతో 'సొసైటీ' అని ముద్ర వేయించారు. చనిపోయినవాళ్ళ బదులు కొత్తవాళ్ళని కొన్నారు. లండన్‌లో కూర్చున్నవాళ్ళలో దయగలవాళ్ళు లేకపోలేదు. కానీ కాలేజీకి డబ్బు ఆ చక్కెరలోంచే రావాలి. చక్కెర ఆ చేతుల్లోంచే రావాలి.

1834లో బ్రిటిష్ చట్టం బానిసత్వాన్ని రద్దు చేసింది. నష్టపరిహారం కూడా ఇచ్చారు. బానిసలకి కాదు, యజమానులకి. 411 మంది బానిసలకి గాను సంఘానికి 8,823 పౌన్లు వచ్చాయి. ఆ 411 మందికి ఒక్క పెన్నీ రాలేదు. 2006లో ఇంగ్లండ్ చర్చి క్షమాపణ చెప్పింది.

ఎద్దుతో పోల్చడం నాకే బాధగా ఉంది. ఎద్దు తన బిడ్డకి పేరు పెట్టుకోదు, పాట నేర్పదు. వాళ్ళు పేర్లు పెట్టుకున్నారు, పాటలు నేర్పారు.

వేసవి సెలవులకి రండి, సంతకి తీసుకెళ్తాను. ముసలి కాడెద్దు మెడ మీద ఓసారి చెయ్యి పెట్టి చూడండి, కాయ కాసిన చోట.

మీ తాతయ్య