ఏప్రిల్లో పెళ్ళి, ఫిబ్రవరిలో బిడ్డ

పిల్లలూ,

అత్త ఇంట్లో తాతయ్య రోజంతా కంప్యూటర్ ముందు ఏం చేస్తున్నాడని అడిగారు కదా. ఫోన్లో తేలే సంగతి కాదు, అందుకే ఈ ఉత్తరం.

ఇంగ్లండులో సఫోక్ అనే జిల్లా వైపు ఒక పల్లెటూరి చర్చిలో మూడొందల ఏళ్ళ కిందటి బాప్తిస్మాల రిజిస్టర్లున్నాయి. వాటి ఫొటోలు నాకు పంపుతారు, నేను చదివి టైపు చేస్తాను. జీతం లేదు, టీ కూడా మనదే. 1538లో ఎనిమిదో హెన్రీ రాజు దగ్గరి మంత్రి థామస్ క్రామ్‌వెల్ ప్రతి చర్చిలోనూ బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, ఖననాలు రాసిపెట్టాలని ఆర్డరు వేశాడు. ఇక్కడి ప్రభుత్వం పుట్టినవాళ్ళ లెక్క రాయడం మొదలుపెట్టింది 1837లో. ఈ మధ్యకాలంలో ఒక కూలివాడి కొడుకు పుట్టాడనడానికి చాలాసార్లు ఆ పుస్తకంలోని ఒక్క వరసే ఆధారం.

ఆ చేతిరాతతో కుస్తీ పట్టాలి. పాత ‘ఎస్’ అచ్చం ‘ఎఫ్’లా ఉంటుంది. లాటిన్ పేజీల్లో జాన్ కాస్తా జోహన్నెస్, జేమ్స్ ఏమో జాకోబస్. ఒకే ఇంటిపేరు అన్నకు ఒక రకంగా, తమ్ముడికి ఇంకో రకంగా ఉంటుంది. దేన్నీ దిద్దకూడదు, ఉన్నది ఉన్నట్టు దించాలి. ఈ రూలు నాకు మొదట్లో చాదస్తంలా అనిపించింది.

ఒకరోజు ఒక బిడ్డ పేరు తగిలింది, బాప్తిస్మం ఫిబ్రవరి 1724. ఆ పుస్తకంలో తండ్రి ఇంటిపేరే రాశారు, తల్లిది ఉత్త మేరీ. ఆవిడ పుట్టింటి పేరు కోసం పెళ్ళిళ్ళ రిజిస్టరు తిరగేస్తే పెళ్ళి ఏప్రిల్ 1724! పాస్టరుగారు పొరబడ్డారనుకుని 1725 అని దిద్ది పంపేశాను. అది తిరిగొచ్చింది.

తప్పు నాదే. అప్పట్లో ఇంగ్లండులో కొత్త సంవత్సరం మార్చి 25న వచ్చేది, ఇంచుమించు మన ఉగాది రోజుల్లో. 1724 డిసెంబరు తర్వాత వచ్చేది 1724 జనవరే! జనవరి ఒకటిన సంవత్సరం మారడం 1752 నుంచి మొదలైంది. అంటే ఏప్రిల్లో పెళ్ళయింది, పది నెలలకు బిడ్డకు బాప్తిస్మం అయింది. పాపం ఆ మేరీని నేనెంత అనుమానించాను!

మన లెక్కలో 1725 సరైనదే కదా, మరి దిద్దితే నష్టమేంటి అంటారా? నా తర్వాత చూసేవాడికి నేను దిద్దినట్టు తెలియదు. పాత లెక్క అనుకుని ఇంకొకటి కలిపితే 1726 అవుతుంది, బిడ్డకు ఏడాది వయసు ఎగిరిపోతుంది. అందుకే 1724/25 అని రెండూ రాస్తాం.

ఇప్పుడు 1731లో ఉన్నాను. ఒక పాప పేరు మీద తేమ మరక పడింది. ఎం, ఏ, ఆర్ మాత్రం కనబడుతున్నాయి. మేరీయో, మార్గరెట్టో, మార్తానో తెలియడం లేదు. అత్త మార్తా అంటోంది. ప్రస్తుతానికి ప్రశ్నార్థకం పెట్టి వదిలేశాను. మీ కళ్ళు నాకంటే మంచివి, రేపు ఫోన్ చేసినప్పుడు చూపిస్తాను.

మీ తాతయ్య