దారిలో పుట్టిన పేర్లు: నైజీరియన్లు ఇంతగా ఎందుకు తిరుగుతారు?

నైజీరియా నైరుతిన ఉండే యోరుబా జనంలో బిడ్డ పరాయి దేశంలో పుట్టి ఆ తర్వాత ఇంటికొస్తే టోకున్‌బో అని పేరు పెడతారు. సముద్రం అవతల నుంచి తిరిగొచ్చిన బిడ్డ అని అర్థం, ఆడపిల్లకైనా మగపిల్లాడికైనా అదే పేరు. ప్రయాణం మధ్యలో దారిలోనే కాన్పయితే అబియోనా. తండ్రి ఊళ్లో లేనప్పుడు పుడితే అబిదెమి. మనం నక్షత్రం చూసి పేరు పెట్టినట్టు వాళ్లు ఆ సమయానికి ఎవరు ఇంట్లో ఉన్నారు, ఎవరు దారిలో ఉన్నారు అని కూడా చూసి పెట్టారన్నమాట. ఇప్పుడు వాళ్ల పెద్ద నగరం లేగోస్‌లో టోకున్‌బో అంటే ఇంకో అర్థం కూడా ఉంది, యూరప్ నుంచో అమెరికా నుంచో ఓడలో దిగిన సెకండ్ హ్యాండ్ కారు.

ముందు పేర్ల గురించి ఎందుకు చెప్తున్నానంటే, నైజీరియన్ల వలసల మీద మనం చదివే వార్తలు చాలావరకు పేదరికం దగ్గర మొదలై వీసా దగ్గర ఆగిపోతాయి. హైదరాబాద్‌లో అయితే మరీ అన్యాయం. టోలిచౌకి పారామౌంట్ కాలనీలో గదులు తీసుకుని చదువుకునే ఆఫ్రికా పిల్లలందరూ మనకు ఒకటే, వాళ్లలో ఎవరు ఏ దేశమో మనకు పట్టదు, నైజీరియన్ అనే మాట మాత్రం పోలీసుల ప్రెస్‌మీట్ ఉన్న రోజున గట్టిగా వినిపిస్తుంది. 20 కోట్లకు పైగా జనం ఉన్న దేశం అది. బ్రిటిష్‌వాళ్లు ఉత్తరాన్నీ దక్షిణాన్నీ కలిపి నైజీరియా అని ఒకే పాలన కింద పెట్టింది 1914లో, కానీ అక్కడి మనుషుల ప్రయాణాలు దానికంటే కొన్ని వందల ఏళ్లు పాతవి.

ఉత్తరం నుంచి మొదలుపెడితే, కానో, కట్సినా ఊళ్లు, బోర్నో రాజ్యం సహారా ఎడారిని దాటే ఒంటెల బిడారుల మీద బతికినవి. ఆ కానెమ్-బోర్నో రాజ్యం నుంచి హజ్‌కి వెళ్లేవాళ్లు మధ్యలో ఉండటానికి, చదువుకోవడానికి 13వ శతాబ్దంలోనే కైరోలో ఓ మదరసా కట్టించుకున్నారు. ఉత్తరాది హౌసా జనంలోని వర్తకులు దక్షిణాన ఇప్పటి ఘనా అడవుల దాకా వెళ్లి గాడిదల మీద కోలా గింజలు తెచ్చేవాళ్లు. కోలా అంటే మనకు కూల్ డ్రింక్ గుర్తొస్తుంది గానీ, అక్కడ అది తాంబూలం లాంటిది. ఇంటికొచ్చిన చుట్టానికి పెడతారు, పెళ్లి మాటల్లో పెడతారు, పంచాయితీలో పెడతారు. పొడినేల ఉన్న కానో వైపు అది పండదు కాబట్టి నెలల తరబడి నడిచైనా తెచ్చుకోవాలి. అలా వెళ్లినవాళ్లు విడిది చేసిన చోట్లే జోంగోలు అనే పేటలయ్యాయి, ఘనాలోని కుమాసీలో, అక్రాలో ఇప్పటికీ ఉన్నాయి. ప్రయాణం జ్ఞానానికి తాళంచెవి అని హౌసాలో సామెత ఉంది, అది అన్నవాళ్లు కాళ్లరిగేలా నడిచినవాళ్లే.

విమానాలు రాకముందు మక్కాకి వెళ్లడమంటే ఏళ్ల తరబడి నడక. దారిలో కూలి చేసుకుంటూ, పంట వేసుకుంటూ, పిల్లల్ని కంటూ వెళ్లేవాళ్లు. సూడాన్‌లో గెజిరా పత్తి పొలాల్లో పనిచేసిన పశ్చిమ ఆఫ్రికా కూలీల్లో ఇలా హజ్ దారిలో ఆగినవాళ్లు చాలామంది. 1903లో బ్రిటిష్ సైన్యం ఉత్తర నైజీరియాలోని సొకోటో రాజ్యాన్ని ఆక్రమించినప్పుడు సుల్తాన్ అత్తాహిరు లొంగకుండా వేలమందితో తూర్పుకి బయల్దేరాడు, బుర్మీ దగ్గర యుద్ధంలో చనిపోయాడు. మిగిలిన జనం ఆగలేదు, ఆయన కొడుకు వెంట నడిచి నీలి నైలు ఒడ్డున ఓ ఊరు కట్టుకున్నారు. ఆ కొడుకు పేరు మీదే ఆ ఊరు మైవుర్నో.

దక్షిణాన కథ వేరు, అక్కడి మొదటి పెద్ద ప్రయాణం ఎవరూ కోరుకున్నది కాదు. బానిసల ఓడలు లక్షలమందిని సముద్రం దాటించాయి. అజాయి క్రౌథర్ అనే యోరుబా కుర్రాణ్ణి 1821లో ఊరి మీద పడి ఎత్తుకెళ్లారు, మరుసటి ఏడాది అతనున్న ఓడని బ్రిటిష్ నౌకాదళం పట్టుకుని సియెర్రా లియోన్‌లో దించింది. అక్కడ చదువుకుని, చివరికి సొంత దేశానికొచ్చి, 1864లో ఆంగ్లికన్ చర్చిలో మొదటి ఆఫ్రికన్ బిషప్ అయ్యాడు. తిరిగొచ్చింది అతనొక్కడే కాదు. సియెర్రా లియోన్ నుంచి వచ్చినవాళ్లని సారో అన్నారు, బ్రెజిల్ నుంచి వచ్చినవాళ్లని అగూడా అన్నారు, లేగోస్ ద్వీపంలో బ్రెజిల్ తరహా మేడలు కట్టింది ఈ అగూడాలే. సంకెళ్లతో వెళ్లిన మనుషుల పిల్లలు టికెట్ కొనుక్కుని ఇంటికి రావడం, ఈ మొత్తం చరిత్రలో నన్ను బాగా కదిలించే ఘట్టం అదే.

తర్వాత చదువుల కోసం వెళ్లడం మొదలైంది. 1925లో న్నామ్డీ అజికివే అమెరికాకి ఓడెక్కాడు, అదే ఏడాది లండన్‌లో పశ్చిమ ఆఫ్రికా విద్యార్థుల సంఘం పుట్టింది. ఇలా వెళ్లి వచ్చినవాళ్లకి ఊళ్లో బీన్-టు అని పేరు, ఫలానా చోటికి వెళ్లొచ్చినవాడు అని. అజికివే వెళ్లొచ్చి దేశానికి మొదటి అధ్యక్షుడయ్యాడు. ఇక పిల్లల్ని పైచదువులకి పంపడానికి భూమి అమ్మడం, ఊరంతా చందా వేసుకోవడం అక్కడా జరిగాయి, మన కోస్తా జిల్లాల్లో ఎకరం అమ్మి అమెరికా పంపినవాళ్లకి ఆ లెక్కలు విడమర్చి చెప్పక్కర్లేదు.

ఒలాబిసి అజాలా గురించి చెప్పకపోతే ఈ కథ సగమే. 1952లో అమెరికాలో చదువుకుంటూ నైజీరియా సంప్రదాయ దుస్తుల్లో షికాగో నుంచి లాస్ ఏంజెలెస్ దాకా సైకిల్ తొక్కిన మనిషి. ఆ దశాబ్దం చివర్లో ఓ వెస్పా స్కూటర్ తీసుకుని దేశాలు పట్టి తిరిగాడు, ఢిల్లీ వచ్చి నెహ్రూని కలిశాడు. 1970లలో సంగీతకారుడు ఎబెనెజర్ ఓబే ఆయన పేరు పాటలో పెట్టాక, తిరగడం పిచ్చి ఉన్న ఎవర్నైనా అజాలా అనే పిలవడం మొదలైంది. ఇల్లు పట్టకుండా తిరిగే పిల్లాణ్ణి వాళ్లమ్మ తిట్టేదీ అజాలా అనే. ఓ మనిషి పేరు మామూలు మాటల్లో కలిసిపోవాలంటే ఆ జనానికి ఆ విషయం ఎంత ఇష్టమై ఉండాలి!

ఇక్కడిదాకా వెళ్లడం అంటే తిరిగి రావడం కూడా. అది మారింది 1980లలో.

దానికి ముందు ఇంకో సంగతి ఉంది. 1969 నవంబరులో ఘనా ప్రభుత్వం పత్రాలు లేని విదేశీయులు రెండు వారాల్లో వెళ్లిపోవాలని ఆర్డర్ వేసింది, తరాలుగా అక్కడే కొట్లు పెట్టుకున్న నైజీరియన్లు కట్టుబట్టలతో వచ్చేశారు. ఆ తర్వాత నైజీరియాలో చమురు డబ్బు పొంగింది. 1980లో ఒక డాలరుకి ఒక నైరా (వాళ్ల రూపాయి) కూడా అక్కర్లేదు, దాదాపు 55 కోబోలు (వాళ్ల పైసలు) చాలు. ఈసారి ఘనా జనమే పని కోసం లేగోస్‌కి వచ్చారు. చమురు ధర పడగానే 1983 జనవరి 17న నైజీరియా కూడా అదే పని చేసింది, రెండు వారాల గడువు. ఇరవై లక్షల మందిదాకా వెళ్లాల్సి వచ్చింది, అందులో సగం మంది ఘనా వాళ్లు. ఘనా సరిహద్దు మూసి ఉంది, దాన్ని చూసి టోగో, బెనిన్ కూడా మూశాయి, జనం రోడ్ల మీద పడిగాపులు కాశారు. వాళ్లు సామాను కుక్కుకున్న సంచి చూస్తే మీరు వెంటనే గుర్తుపడతారు. ఎరుపు నీలం గళ్లతో, ప్లాస్టిక్ నేతతో, చివరికంటా జిప్పుతో, సికింద్రాబాద్ స్టేషన్లో వలస కూలీల భుజాల మీద రోజూ కనిపించేదే. పశ్చిమ ఆఫ్రికాలో దాని పేరు ఇప్పటికీ ఘనా మస్ట్ గో, ఘనా వాళ్లు పోవాల్సిందే అని.

వెళ్లగొట్టినా పరిస్థితి బాగుపడలేదు. 1986లో సైనిక పాలకుడు బబంగిడా ఐఎంఎఫ్ తరహా సంస్కరణలు తెచ్చాడు, నైరా కూలిపోయింది, యూనివర్సిటీల్లో జీతాలు దేనికీ చాలకుండా పోయాయి. డాక్టర్లు, ప్రొఫెసర్లు సౌదీకి, బ్రిటన్‌కి, అమెరికాకి వెళ్లిపోయారు. ఆ దశాబ్దంలోనే టీవీలో ఓ ప్రభుత్వ ప్రకటన వచ్చేది, ఆండ్రూ అనే కుర్రాడు ఈ దేశంలో ఏదీ పనిచెయ్యదు, నేను పోతున్నా అంటాడు, ఆగు, ఇక్కడే ఉండి బాగు చేద్దాం అని ప్రకటన సందేశం. జనానికి సందేశం కంటే ఆండ్రూ ఎక్కువ గుర్తుండిపోయాడు.

ఆండ్రూ చేసినదానికి ఇప్పటి మాట జాపా. యోరుబాలో తప్పించుకుని పారిపోవడం. జేబు ఖాళీ అయితే సాపా, సాపా తగిలితే జాపా. 2020 అక్టోబరులో పోలీసు దౌర్జన్యాల మీద యువత రోడ్డెక్కితే లేగోస్‌లో లెక్కీ టోల్‌గేట్ దగ్గర సైన్యం కాల్పులు జరిపింది, ఆ తర్వాత ఈ మాట ఇంటింటి మాటయింది. 2022లో బ్రిటన్ నైజీరియన్లకి దాదాపు 59 వేల స్టూడెంట్ వీసాలిచ్చింది, వాళ్ల మీద ఆధారపడిన భార్యాభర్తలకీ పిల్లలకీ ఇచ్చినవి ఇంకా ఎక్కువ, 60 వేలు దాటాయి. చదువు అనే తలుపులోంచి కుటుంబాలే బయటికి వచ్చేశాయని ఆ లెక్కే చెప్తుంది. 2024 జనవరి నుంచి బ్రిటన్ చాలా కోర్సులకి ఇలా కుటుంబాన్ని తెచ్చుకునే వీలు తీసేసింది, లండన్లో మన తెలుగు విద్యార్థులకీ ఆ దెబ్బ తగిలింది. ఈలోగా 2023 జూన్‌లో నైరాని మార్కెట్‌కి వదిలేశారు. డాలరుకి 460 ఉన్నది ఏడాది తిరక్కుండా 1,500 దాటింది, ఫీజు కోసం దాచుకున్న డబ్బు చేతిలోనే కరిగిపోయింది. వీసా దొరకనివాళ్లలో కొందరు పొరుగు దేశం నైజర్‌లోని అగాదెజ్ మీదుగా లిబియా ఎడారి దారి పట్టారు, ఒకప్పుడు ఒంటెల బిడారులు నడిచిన వైపే. కైరోలో సొంతంగా మదరసా కట్టించుకున్నవాళ్ల వారసులు ఇవాళ అదే ఎడారిలో దాహంతో చచ్చిపోతున్నారు, ఇది నేను కోపం లేకుండా రాయలేను.

అయినా ఇంటి దారి మర్చిపోలేదు. ఆగ్నేయాన ఉండే ఇగ్బో జనం దగ్గర అది ఇంకా గట్టిగా కనిపిస్తుంది. వాళ్ల ప్రాంతం బయాఫ్రా పేరుతో విడిపోతానన్నందుకు 1967 నుంచి 1970 దాకా నడిచిన యుద్ధం అయ్యాక, బ్యాంకులో ఎంత దాచుకున్నా ఇగ్బోలకి చేతికిచ్చింది 20 పౌండ్లే. కొత్తగా మొదలుపెట్టడానికి లేగోస్‌కి, కానోకి, తర్వాత చైనాలో గ్వాంగ్‌జౌ దాకా వెళ్లారు. కుర్రాళ్లు ఓ షావుకారు దగ్గర కొన్నేళ్లు పని నేర్చుకుంటే చివర్లో ఆయనే పెట్టుబడి పెట్టి కొట్టు పెట్టిస్తాడు. తల నెరిసినవాడి కంటే తిరిగినవాడికి ఎక్కువ తెలుసని వాళ్ల సామెత. దాని పక్కనే ఇంకో మాట, అకు రువో ఉలో, సంపాదించింది ఇంటికి చేరాలి అని.

చేరుతుంది కూడా. విదేశాల నుంచి ఏటా సుమారు 2,000 కోట్ల డాలర్లు వస్తాయి. డిసెంబరులో మనుషులే వస్తారు. లేగోస్ నుంచి తూర్పుకి వెళ్లే లగ్జరీ బస్సులన్నీ నైజర్ నది దగ్గర అసాబా వైపు ఆగిపోతాయి. 1965లో కట్టిన వంతెన ఒక్కటే ఉన్నన్నాళ్లూ గంటల తరబడి కదిలేవి కావు, 2023లో రెండో వంతెన తెరిచాక కాస్త నయం. బస్సు పైన టీవీ, బియ్యం బస్తా, ఎవరికోసమో కొన్న కుర్చీలు. కిటికీల పక్కన పిల్లలు నీళ్ల ప్యాకెట్లు, అరటికాయ చిప్స్ అమ్ముకుంటూ పరిగెడతారు. నది దాటగానే ఒనిత్సా. అక్కడి నుంచి ఎవరి ఊరి దారి వాళ్లది.