చీకటి ఎలక్ట్రానిక్ ఆల్బమ్‌లు, వాటి రివ్యూలు: అపోహలు - వాస్తవాలు

ఎలక్ట్రానిక్ ఆల్బమ్‌లకు రివ్యూలు రాయడం నా పని. అందులోనూ ట్యూన్ చేతికి చిక్కని, వింటుంటే గుబులు పుట్టించే రకాలే ఎక్కువ నా వంతుకు వస్తాయి. వీటి గురించి ఎక్కడ మాటొచ్చినా తిరిగి తిరిగి వినపడే అపోహలు కొన్ని ఉన్నాయి.

అపోహ: అర్థం కాకపోయినా గొప్ప కోసం విమర్శకులు ఆకాశానికెత్తేస్తారు.

నిజానికి మొదట పడేవి అక్షింతలే. 1975లో అమెరికన్ రాక్ గాయకుడు లూ రీడ్ చేసిన ‘మెటల్ మెషిన్ మ్యూజిక్’ సంగతే చూడండి. రెండు ఎల్పీ రికార్డులు, నాలుగు వైపులు, ఒక్కో వైపు 16 నిమిషాల చిల్లర. మాటలు లేవు, డ్రమ్స్ లేవు. గిటార్లను యాంప్లిఫయర్ల ముందు పెడితే వచ్చే ఫీడ్‌బ్యాక్ కూతను టేపుకెక్కించి, వేగాలు మార్చి, పొరలు పొరలుగా పేర్చాడు. మూడేళ్ల క్రితమే ‘వాక్ ఆన్ ద వైల్డ్ సైడ్’తో హిట్టు కొట్టిన మనిషి కదా, అలాంటిదే ఇంకోటి వస్తుందనుకుని కొన్నవాళ్లు బిత్తరపోయారు. రోలింగ్ స్టోన్ పత్రిక ఏకిపారేసింది. క్రీమ్ పత్రికలో విమర్శకుడు లెస్టర్ బ్యాంగ్స్ తెగ మెచ్చుకున్నాడు గానీ, ఆ మెచ్చుకోలులో వెటకారం ఎంతో, మనసులో మాట ఎంతో ఈ రోజుకీ తేల్చడం కష్టం.

ఆర్‌సీఏ అనే రికార్డు కంపెనీతో ఒప్పందం వదిలించుకోవడానికే ఇలా చేశాడని ఒక కథ. అదే నిజమైతే ఆ తర్వాతి ఆల్బమ్ ‘కోనీ ఐలాండ్ బేబీ’ని మళ్లీ ఆర్‌సీఏకే ఎందుకు ఇస్తాడు?

ఆ ఎల్పీలో నాకు బాగా నచ్చేది నాలుగో వైపు చివర. అక్కడ గాడిని దానిలోకే తిరిగి కలిసేలా కోశారు. మీరు లేచి ముల్లు పైకెత్తేదాకా రెండు సెకన్లు కూడా లేని ముక్క ఒకటి అలా తిరుగుతూనే ఉంటుంది. ఆల్బమ్ ఎప్పుడు ఆపాలో వినేవాడే తేల్చుకోవాలన్నమాట. 2002లో బెర్లిన్‌లో త్సైట్‌క్రాట్సర్ అనే వాద్య బృందం ఈ ‘గోల’నే వాద్యాల మీద వాయించింది. ఉల్రిష్ క్రీగర్ అనే సంగీతకారుడు ఆ టేపులు విని, ఏ పొరలో ఏముందో పట్టుకుని స్వరలిపిగా రాశాడు. తలా తోకా లేనిదైతే అలా రాసి, ఇంకొకరి చేత వాయించడం కుదిరే పని కాదు.

అపోహ: మొదటి వారం రివ్యూలతో ఆల్బమ్ జాతకం తేలిపోతుంది.

న్యూయార్క్‌లో మార్టిన్ రెవ్, అలన్ వేగా ఇద్దరూ కలిసి పెట్టిన బ్యాండ్ పేరు సూసైడ్. వాళ్ల తొలి ఆల్బమ్ 1977లో వచ్చింది. గిటార్ లేదు, డ్రమ్మర్ లేడు. ఒక ఆర్గన్, తాళం దానంతటదే కొట్టే ఒక రిథమ్ మెషిన్, ఒక గొంతు, అంతే. అందులో ‘ఫ్రాంకీ టియర్‌డ్రాప్’ పది నిమిషాలు దాటుతుంది. పూట గడవని ఒక ఫ్యాక్టరీ కార్మికుడు భార్యాబిడ్డల్ని చంపి, తానూ చచ్చిపోతాడు. వెనకాల మెషిన్ మాత్రం ఏమీ జరగనట్టు అదే కొట్టుడు కొడుతూ ఉంటుంది. వేగా అరుపు కంటే నన్ను భయపెట్టేది ఆ మెషిన్ నిర్లక్ష్యమే.

1978లో బ్రస్సెల్స్‌లో రాక్ గాయకుడు ఎల్విస్ కాస్టెల్లో కచేరీకి ముందు వీళ్లు వాయిస్తే జనం ఈలలు వేసి గోల చేశారు, మైకు కూడా లాగేసుకున్నారు. 23 నిమిషాల్లో ప్రోగ్రామ్ ఖతం. ఆ రికార్డింగ్ కూడా తర్వాత విడుదలైంది. మరోపక్క, 1982లో అమెరికన్ రాక్ స్టార్ బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ ‘నెబ్రాస్కా’ ఆల్బమ్‌లోని ‘స్టేట్ ట్రూపర్’ పాట చివర వేసే కేక వినండి, ఆ ‘ఫ్రాంకీ’ ప్రభావం తెలిసిపోతుంది. 2003లో రోలింగ్ స్టోన్ వేసిన 500 గొప్ప ఆల్బమ్‌ల జాబితాలో సూసైడ్ తొలి ఆల్బమ్ కూడా ఉంది.

అలాగని మొదటి రివ్యూలు రాసినవాళ్లు చెవిటివాళ్లేమీ కాదు. డెడ్‌లైన్ నెత్తిన పెట్టుకుని రెండు మూడుసార్లు విని రాసేదే రివ్యూ. రాక్ పాట కోసం కూర్చున్నవాడికి రాక్ లేదన్న సంగతే ముందు వినపడుతుంది. ఉన్నదేమిటో వినపడటానికి టైమ్ పడుతుంది. అందుకే ఇలాంటి ఆల్బమ్ రివ్యూ చదివేటప్పుడు బాగుంది, బాలేదు అన్న ముక్కలు పక్కనపెట్టి, ఏం వినపడుతోందని రాశారో చూడండి. తిట్టిన రివ్యూలో కూడా ఆ వర్ణన సరిగ్గా ఉంటే మీకు పనికొస్తుంది.

అపోహ: ఫోన్ స్పీకర్లో రెండు నిమిషాలు వింటే విషయం తెలిసిపోతుంది.

తెలియదు. 50, 60 హెర్ట్జ్ దగ్గరుండే లోతైన బేస్ శబ్దాన్ని ఫోన్ స్పీకర్ దాదాపు పలికించలేదు. ఈ ఆల్బమ్‌ల్లో గుబులంతా కాపురముండేది అక్కడే. బరియల్ అనే లండన్ కళాకారుడు 2007లో చేసిన ‘అన్‌ట్రూ’ ఆల్బమ్‌ను ఫోన్లో పెడితే చిటపటలు, గొంతు ముక్కలు మాత్రం వస్తాయి. హెడ్‌ఫోన్స్‌లో వింటే కిందినుంచి బేస్ ఉబికి వస్తుంది, డ్రమ్స్ తాళానికి వెంట్రుకవాసి అటూఇటూగా పడుతుంటాయి. శబ్దాలను తాళానికి కచ్చితంగా పేర్చే సీక్వెన్సర్ వాడకుండా, సౌండ్ ఫోర్జ్ అనే ఆడియో ఎడిటర్‌లో శబ్దం గీతలా కనపడే వేవ్‌ఫామ్ చూసుకుంటూ చేత్తో అమర్చాడు కాబట్టి ఆ తడబాటు. గొంతులను పిచ్ పెంచి, దించి, ఆడో మగో తెలియకుండా చేశాడు.

అపోహ: ఇంత చీకటి సంగీతం చేసేవాడికి డిప్రెషన్ ఉండే ఉంటుంది.

హారర్ సినిమా తీసినవాడిని ఇలా అడగరు. రివ్యూల్లో ఈ జబ్బు మరీ ఎక్కువ. శబ్దానికి పెట్టే ప్రతిధ్వని (రెవర్బ్) గురించి రాయడం చేతకాక మనిషి మనసు గురించి రాసేస్తుంటారు.

అపోహ: మెటాక్రిటిక్‌లో వందకి 90 మార్కులుంటే గొప్పది, 60 ఉంటే వదిలేయొచ్చు.

మెటాక్రిటిక్ అనే ఈ వెబ్‌సైట్ వివిధ పత్రికల మార్కులకు సగటు కడుతుంది, కొన్ని పత్రికలకు బరువు ఎక్కువిస్తుంది. మార్కులే వేయని రివ్యూకు వాళ్లే ఒక అంకె వేస్తారు. సగం మంది చేతులెత్తి మొక్కి, సగం మంది ఛీ కొట్టిన ఆల్బమ్‌కీ, అందరికీ పర్లేదనిపించిన ఆల్బమ్‌కీ ఒకే అంకె రావచ్చు. నాకైతే ఆ మొదటి రకమే కావాలి.

అపోహ: ఇవి విమర్శకులకే, మామూలు జనానికి ఎక్కవు.

‘ద కేర్‌టేకర్’ పేరుతో లేలండ్ కర్బీ 2016 నుంచి 2019 దాకా ఆరు భాగాలుగా ‘ఎవ్రీవేర్ ఎట్ ది ఎండ్ ఆఫ్ టైమ్’ విడుదల చేశాడు. మొత్తం ఆరు గంటల పైనే. పాతకాలపు బాల్‌రూమ్ రికార్డుల ముక్కలు తీసుకుని, మతిమరుపు ముదిరేకొద్దీ జ్ఞాపకం చెదిరినట్టు భాగం భాగానికీ వాటిని చెరిపేస్తూ పోయాడు. 2020లో దీన్ని టిక్‌టాక్‌లో నెత్తికెత్తుకున్నది టీనేజ్ పిల్లలు. మొత్తం ఒకే విడతలో వినగలవా అని ఒకరికొకరు పందెం వేసుకున్నారు. ఆ పందెం కొంచెం మోటుగానే ఉందని ఒప్పుకుంటాను. అయినా ఆరు గంటలు కూర్చుని విన్నారు కదా, మా విమర్శకుల్లో ఎంతమంది అలా విని రాశారో మరి.

అపోహ: ఇదంతా విదేశీ వ్యవహారం.

1969లోనే అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో కరెంటుతో శబ్దాలు పుట్టించే మూగ్ సింథసైజర్‌తో స్టూడియో పెట్టారు. న్యూయార్క్ నుంచి సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ వచ్చి అమర్చాడు. గీతా సారాభాయ్, అతుల్ దేశాయ్, ఎస్.సి. శర్మ, ఐ.ఎస్. మాథుర్, జిన్‌రాజ్ జోషీపురా అక్కడ రికార్డింగులు చేశారు. ఆ టేపులు సంస్థ ఆర్కైవ్‌లోనే పడి ఉంటే, పాల్ పర్గస్ అనే బ్రిటన్ కళాకారుడు వెతికి పట్టుకున్నాడు. 2023లో ‘ద ఎన్‌ఐడీ టేప్స్’గా బయటికొచ్చాక గానీ పత్రికల్లో వాటికి రివ్యూలు పడలేదు.