పొట్ట మీద బ్యాగుతో దుర్గమ్మ గుడికి వెళ్లొచ్చా?

పెద్దపేగు, మలాశయం క్యాన్సర్ ఆపరేషన్ అయినవాళ్లకి స్టోమా (మలం బ్యాగులోకి వచ్చేలా పేగుని పొట్ట మీదికి తెచ్చి పెట్టే ద్వారం) సంరక్షణ నేర్పే నర్సుని నేను. విజయవాడలోనే ఉద్యోగం. డిశ్చార్జి రోజున జనం నన్ను క్యాన్సర్ గురించి పెద్దగా అడగరు. బయటికి ఎలా వెళ్లాలి అని అడుగుతారు.

అపోహ: బ్యాగు ఉంటే మైల, గుడికి వెళ్లకూడదు.
వాస్తవం: బ్యాగులోది అందరి కడుపులోనూ ఉన్నదేనండీ, మీకు కాస్త ముందువైపుకి వచ్చింది, అంతే. బ్యాగు ఖాళీ చేసుకుని, ఇంకోటి సంచిలో వేసుకుని కొండెక్కండి.

అపోహ: ఎంత జాగ్రత్తపడ్డా కంపు తప్పదు.
వాస్తవం: సరిగ్గా అంటుకున్న బ్యాగు నుంచి వాసన రాదు. వస్తోందంటే ఎక్కడో లీకవుతోంది. తప్పు చాలాసార్లు, స్టోమా కొలతకి బ్యాగుకి రంధ్రం కత్తిరించే దగ్గరే జరుగుతుంది. గుంటూరు వైపు మిర్చి రైతు ఒకాయన వచ్చారు. స్టోమా చుట్టూ చర్మం చితికి ఎర్రగా ఉంది. "కారం చేత్తో తాకినట్టు మంటమ్మా" అన్నారు. చూస్తే, ఆపరేషన్ అయిన వారంలో తీసిన కొలతకే ఇంకా రంధ్రం కత్తిరిస్తున్నారు! మొదటి ఆరెనిమిది వారాల్లో వాపు తగ్గి స్టోమా చిన్నదవుతుంది. రంధ్రం దానికంటే 2, 3 మిల్లీమీటర్లే పెద్దగా ఉండాలి. ఎక్కువైతే మలం చర్మానికి తగిలి ఒరుస్తుంది. మళ్లీ కొలిచాం, గోరువెచ్చని నీళ్లతో కడిగాం, తడి పూర్తిగా ఆరాక అంటించాం. కొబ్బరినూనె రాస్తే మాత్రం బ్యాగు అంటుకోదు. మూడోవంతు నిండగానే ఖాళీ చేసేయండి, బరువుకి ఊడకుండా ఉంటుంది.

అపోహ: స్టోమాని తాకితే నొప్పి, రక్తం వస్తే ప్రమాదం.
వాస్తవం: దానికి నొప్పి తెలియదు. తుడిచేటప్పుడు చుక్క రక్తం మామూలే. నల్లబడితే మాత్రం వెంటనే ఆసుపత్రికి రండి.

అపోహ: ఇక జన్మంతా పథ్యమే.
వాస్తవం: మొదటి కొన్ని వారాలు మెత్తగా తినండి. తర్వాత ఒక్కొక్కటిగా రుచి చూసుకోండి, ఆవకాయతో సహా. చిన్నపేగు స్టోమా వాళ్లు కొబ్బరి, మొక్కజొన్న లాంటివి బాగా నమలకపోతే పేగుకి అడ్డం పడొచ్చు. బెజవాడ ఎండల్లో వీళ్లకి ఉత్త మంచినీళ్లు సరిపోవు, ఓఆర్‌ఎస్ కావాలి. బ్యాగు నీళ్లలా నిండిపోతూ మూత్రం తగ్గితే ఆలస్యం చేయకూడదు.

అపోహ: తాత్కాలికంగా పెట్టిన స్టోమా మూసేస్తే అంతా మునుపటిలాగే.
వాస్తవం: ఇది మేమే సరిగ్గా చెప్పం. మలాశయం తీసేస్తే మలం ఆగే చోటే పోతుంది. గంటలో నాలుగుసార్లు వెళ్లాల్సి రావడం, ఆపుకోలేకపోవడం చాలామందికి ఉంటాయి. ఒక మాస్టారు ఇందుకే పొద్దున బస్సెక్కడం మానేశారు, ఎవరికీ కారణం చెప్పలేదు. మొదటి ఏడాది, రెండేళ్లలో చాలామందికి ఎంతోకొంత తగ్గుతుంది. కటి కండరాల వ్యాయామం, విరేచనాలు తగ్గడానికి డాక్టరు రాసే మాత్ర సాయపడతాయి.

భార్యాభర్తల సంగతి మాత్రం ఎవరూ అడగరు. ఆ నరాలు మలాశయం పక్కనుంచే వెళ్తాయి, అందుకే కొందరికి ఆపరేషన్ తర్వాత ఇబ్బందులొస్తాయి. మందులున్నాయి. వార్డులో సిగ్గనిపిస్తే నన్ను వరండాలోకి పిలవండి, వస్తాను.