టామీ జాన్ ఎడమ మోచెయ్యి

ముందు ఒకటి చేసి చూడండి. బొటనవేలు, చిటికెనవేలు కొసలు కలిపి మణికట్టు కొంచెం లోపలికి వంచితే మధ్యలో తాడులా ఒకటి పైకి తేలుతుంది. అదే పాల్మారిస్ లాంగస్ అనే టెండాన్, అంటే కండరాన్ని ఎముకకి కలిపే తాడు. కొంతమందికి అసలు ఉండదు, కంగారు పడక్కర్లేదు, అది లేకపోయినా చేతి పట్టు పెద్దగా తగ్గదు. అందుకే డాక్టర్లు ధైర్యంగా తీసి ఇంకోచోట వాడతారు.

1974 జులై 17న లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ అనే బేస్‌బాల్ జట్టు తరఫున మాంట్రియల్ మీద ఆడుతుండగా, ఎడమచేతి వాటం పిచర్ (బ్యాటర్‌కి బంతి విసిరేవాడు) టామీ జాన్ మోచేతిలో లోపలివైపు లిగమెంట్, అంటే ఎముకనీ ఎముకనీ కలిపి పట్టుకునే పట్టీ, తెగింది. వయసు 31, ఆ సీజన్లో అప్పటికి 13 గెలుపులు, 3 ఓటములు, మంచి ఊపు మీదున్నాడు పాపం. క్రికెట్ బౌలర్ చెయ్యి దాదాపు చాచే తిప్పుతాడు కదా, పిచర్ అలా కాదు, మోచెయ్యి వంచి చేతిని వెనక్కి వాల్చి ఒక్కసారిగా ముందుకు తిప్పుతాడు, ఆ క్షణంలో మోచేతి మీద పడే మెలి సుమారు 64 న్యూటన్ మీటర్లని ల్యాబుల్లో కొలిచారు. శవాల మోచేతుల మీద టెస్ట్ చేస్తే ఆ లిగమెంట్ ఒక్కటే అయితే అందులో సగానికే తెగిపోయింది! మిగతా బరువు కండరాలు మోస్తాయి, అవి అలిసిపోతే ఇక చూస్కోండి.

సెప్టెంబర్ 25న డాక్టర్ ఫ్రాంక్ జోబ్ అతని కుడి ముంజేతిలోని ఆ టెండాన్ తీసి, ఎడమ మోచేతి ఎముకలకి రంధ్రాలు చేసి 8 అంకెలా దూర్చి కట్టారు. మళ్ళీ ఆడే ఛాన్స్ నూటికి ఒకటి అని ముందే చెప్పేశారు. తర్వాత నరం దెబ్బతిని వేళ్ళు ముడుచుకుపోతే డిసెంబర్లో ఇంకో ఆపరేషన్.

నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఆ తర్వాత లోపల జరిగిన పని. అతికించిన టెండాన్లో పాత కణాలు చాలావరకు చచ్చిపోతాయి, కొత్త రక్తనాళాలు పాకుతాయి, కొత్త కణాలు వచ్చి మెల్లగా దాన్ని లిగమెంట్ లాంటిదిగా మార్చేస్తాయి, దీనికి ఏడాది పైనే పడుతుంది, తొందరపెడితే మళ్ళీ తెగుతుంది. అందుకే జాన్ 1975 అంతా మేజర్ లీగ్‌లో, అంటే అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్‌లో, ఒక్క మ్యాచ్ ఆడలేదు.

ఈ సర్జరీతో చెయ్యి ముందుకంటే బలంగా అవుతుందని చాలామంది నమ్ముతారు, అది తప్పు. జాన్ ఎప్పుడూ స్పీడ్ మీద బతకలేదు, కిందికి దిగే సింకర్ వేసి బంతి నేలమీద దొర్లేలా కొట్టించేవాడు. 1976లో తిరిగొచ్చి, 1977, 1979, 1980ల్లో ఏడాదికి కనీసం 20 మ్యాచ్‌లు గెలిచాడు, 46 ఏళ్ళ వయసులో 1989 దాకా ఆడాడు. మొత్తం 288 గెలుపుల్లో 164 ఆపరేషన్ తర్వాతవే.